బస్తాకు ఒకటే కోత

ఖరీదుదారు మహబూబ్ అలీ గొంతు వినబడితే జెండా పాట, అంటే ఆ రోజు పై ధర తేల్చే వేలం, అయిపోయినట్టేనని ఖమ్మం మిర్చి యార్డులో హమాలీలు నవ్వుకుంటారు. ఆ రోజు పాట ఇంకా మొదలే కాలేదు. మార్చి ఎండకు రేకుల షెడ్డు అప్పుడే చిటపటమంటోంది. రంజాన్ నెల, ఆయన నోట్లో చుక్క నీళ్లు పడలేదు. అయినా ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని అరిచిన అరుపుకు, మూడు రాసుల అవతల టీ పోస్తున్న మనిషి గ్లాసు సంగతి మరిచిపోయి ఇటు చూశాడు.

"ఒక్కసారి చూసిన్రు గదా! మళ్ల చూసుడేంది? వాళ్లు చూసి సీలేసినంక వీళ్లకేం రోగం?"

అవతల మాట్లాడుతున్నది ఆయన కూతురు ఫరహా. యార్డు గేటు ఎదుట మేడ మీది గదిలో కూర్చుని విదేశాలకు పోయే సరుకు వ్యవహారం చూస్తుంది. మద్రాసు ఏజెంట్ల చేతుల్లో పెట్టడం ఎందుకు, మనమే పంపుదాం అబ్బా అని తండ్రి వెంటపడి, బతిమాలి, అలిగి, చివరకు ఒప్పించింది. ఇది ఆమె పంపిన మొదటి కంటైనర్. విశాఖలో ఓడెక్కి వియత్నాంలో దిగింది. అక్కడ లారీ ఎక్కి, లావోస్ అడవుల్లోంచి నడిచి, థాయ్‌లాండ్‌లోని ఒక సాస్ ఫ్యాక్టరీకి చేరాలి. లావోస్ దాకా బాగానే పోయింది. థాయ్‌లాండ్ గడపలో, నది వంతెన దగ్గర ఆపేశారు. సీలు తీసి బస్తాలు కోసి చూస్తున్నారట.

ఆయన ఇటు అరుస్తుంటే, పక్కనే బొజ్జయ్య తన పని తాను చేసుకుపోతున్నాడు. బొజ్జయ్య ఆయన దగ్గర మచ్చు తీసే మనిషి. నడుముకు చాకు, భుజాన తుండు. బస్తా పొట్ట మీద చాకు పెట్టి జానెడు చీల్చుతాడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపలి కాయ లాగి నేల మీద పోస్తాడు. పైన ఎర్ర కాయ పోసి లోపల తాలు, అంటే రంగు వెలిసిన తెల్లకాయ, దాచారేమో చూడటానికి. యార్డులో ఖరీదుదారులందరూ చేసే పనే. పెద్ద రైతు రాసి అయితే ఒకటో రెండో కోసి ఊరుకుంటారు. తండా నుంచి వచ్చిన రాసి అయితే ఒక్కటీ వదలరు. నేల మీద పడ్డ మచ్చు కాయ మళ్లీ బస్తాలోకి పోదు, చూసినవాడి దుకాణానికి పోతుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. మాన్పించాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు కోస్తున్న రాసి రూప్లాది. ములకలపల్లి అవతల, అడవిని ఆనుకున్న తండా. రూప్లా మాట తక్కువ మనిషి. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య సోమ్లి అట్లా నిలబడే రకం కాదు. ఘాటుకు చెంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, కోతపడ్డ ప్రతి బస్తా దగ్గరికీ వెళ్లి చీలిక మీద చెయ్యి అదిమి, కారిపోతున్న కాయను ఆపుతోంది. చాకు ఐదో బస్తా మీదికి వచ్చేసరికి తానే అడ్డం నిలబడింది.

"సేటూ, నాలుగు కోసిండు. నాలుగు ఒక్కతీరే ఉన్నయ్. ఇగ చాలదా?"

మహబూబ్ అలీ ఫోన్ మీద అరచెయ్యి మూశాడు. "నీ ఒక్కదాని కోసం కొత్త రూలు పెట్టాల్నా అమ్మా? జరుగు."

"ఆ పక్క రాసికి ఒక్కటే కోసిన్రు గదా. మాది అన్ని కోసుడెందుకు?"

"ఆయన్ని నేనెరుగుదు. నీది తండా సరుకు. నమ్మేదెట్ల?"

అదే ఊపిరిలో ఫోన్ మళ్లీ చెవిన పెట్టాడు. "బేటీ, ఆ ఫ్యాక్టరీ మేడమ్‌కు గట్టిగ చెప్పు. ఖమ్మం సరుకంటే ఏమనుకుంటున్రు వాళ్లు? ఊరి పేరు చూసి బస్తాలు కోస్తరా? మనమేమన్న దొంగలమా?"

ఫోన్‌లో ఫరహా మెల్లగా అడిగింది. "అబ్బా, ఇంతకు ముందు మీరు మాట్లాడింది ఎవరితోని?"

"ఎవరో తండావాళ్లు. నువ్వు ఇది చెప్పు ముందు."

బొజ్జయ్య చివరి బస్తా కూడా కోశాడు. సోమ్లి కింద కూర్చుని, నేల మీది కాయను ఒడిలోకి ఎత్తుకోవడం మొదలుపెట్టింది. "అది దుకాణం కాయమ్మా," అన్నాడు బొజ్జయ్య, తిట్టినట్టు కాదు, పొద్దున్నే ఎవరికైనా చెప్పే మాటలా. ఆమె తలెత్తి మహబూబ్ అలీ వైపు చూసింది. ఆయనకు ఆ చూపు నచ్చలేదు. వంగి రెండు కాయలు తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"తాలు ఉంది," అన్నాడు. ఉన్న ధర కంటే బాగా కిందికి ఒక మాట పడేశాడు.

ఆ రెండు కాయలూ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. చిన్నప్పటి నుంచి మిర్చి పట్టిన చెయ్యి అది, దానికి తెలియక కాదు. కడుపు కాలుతోంది, వంతెన మీది కోపం ఇంకా దిగలేదు, ఎదురుగా దొరికింది ఈమె. అంతే.

సోమ్లి లేచి నిలబడింది. ఒడిలోని కాయనంతా ఒక్కసారే నేల మీద గుమ్మరించి, చెంగు దులుపుకుంది. రూప్లా అప్పుడు నోరు తెరిచాడు. "ఎక్కియ్," అన్నాడు ఆటో డ్రైవర్‌తో. యార్డుకు తెచ్చిన సరుకు వెనక్కి తోలుకుపోయేవాళ్లు అరుదు. రానుపోను కిరాయి మీద పడుతుంది, ఊళ్లో నవ్వుతారు. చుట్టూ ఉన్నవాళ్లు ఇదేంది అన్నట్టు చూశారు. మొగుడూ పెళ్లాం ఎవరి వైపూ చూడకుండా, చీలికలకు పాత చీర పేలికలు కట్టి, బస్తాలు ఆటోలోకి ఎక్కించారు.

"పోనీ. ఎటు పోతరు, మళ్ల ఈడికే వస్తరు," అన్నాడు మహబూబ్ అలీ. ఎవరూ అడగలేదు మరి.

సాయంత్రం ఇఫ్తార్‌కు ముందు మేడ మెట్లెక్కి కూతురి గదిలో కూలబడ్డాడు. ఫరహా ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. పెద్ద నది, దాని మీద పొడుగాటి వంతెన.

"భద్రాచలం వంతెన లెక్క ఉంది," అన్నాడు.

"దానికంటే పెద్దది అబ్బా. ఇటు లావోస్, అటు థాయ్‌లాండ్."

"మరి ఈడ ఆపినట్టు మొదటి సరిహద్దు కాడ ఎందుకు ఆపలే?"

"వియత్నాం, లావోస్ కలిసే కాడ రెండు దేశాల ఆఫీసర్లు పక్కపక్కన నిలబడి ఒక్కసారే చూస్తరు. ఒకరు చూసింది ఇంకొకరు ఒప్పుకుంటరు. అందుకే ఆ దారి పట్టిన నేను. లారీ ఎక్కువ ఆగదు."

మహబూబ్ అలీకి ఇది వింతగా తోచింది. "ఒకని భాష ఒకనికి రాదు. ఎట్ల నమ్ముకుంటున్రు?"

"మెల్లమెల్లగ నమ్ముకున్నరు. కానీ నెల కింద మన దిక్కు నుంచే ఎవరిదో సరుకు పోయిందంట. బస్తాలల్ల బూజు వచ్చిందంట. అప్పటి సంది మన ఊర్ల పేరు కనబడితే వంతెన కాడ ఆపుతున్నరు."

"ఎవడో చేసిన దానికి మనం పడాల్నా?"

"అవ్. గట్లనే అయితది అబ్బా. తండాల ఎవడో ఒకడు తాలు కలిపితే..." ఫరహా మాట సగంలో ఆపేసి కిటికీలోంచి బయటికి చూసింది.

"దీనికీ దానికీ ఏం సంబంధం?" అని కసిరాడాయన.  

సాస్ ఫ్యాక్టరీ తరఫున సరుకు కొనే ఆమె పేరు విలై. ఫరహాతో రోజూ ఇంగ్లీషులో మాట్లాడుతుంది. ఆమె ఒక దారి చెప్పింది. నేల మీద ఎండిన కాయకు మంచు తగిలి బూజు పడుతుంది, పట్టా మీద ఎండినది ఆగుతుంది. ఈ కాయ ఎండిన కల్లం తన కళ్లకు చూపిస్తే, ఎండబెట్టిన మనిషిని చూపిస్తే, వంతెన దగ్గరి ఆఫీసర్లతో తన పూచీ మీద మాట్లాడతానంది. లేకపోతే సరుకు వెనక్కే.

"చూపిద్దాం. ఎవరి కాయ అది?"

"తొలికోతది. ములకలపల్లి తండాలది. సగానికి ఎక్కువ రూప్లా కల్లందే."

పొద్దున సరుకు వెనక్కి తోలుకుపోయింది ఆ రూప్లాయే. ఆయన గడ్డం గోక్కున్నాడు. గోక్కుంటూనే ఉన్నాడు. "ఈడనే దగ్గర్ల ఎవరి కల్లమన్న చూపిస్తే ఆమెకేం తెలుస్తది బేటీ?"

"ఆమె మన కోసం తన మాట అడ్డం పెడుతున్నది. అబద్ధం చూపించేదుంటే ఫోన్ నేను పట్టుకోను. మీరే పట్టుకోండి, మీరే మాట్లాడండి."

"ఈ కంటైనర్ వెనక్కొస్తే ఏమయితదో ఎరికేనా? ఈ గదికి తాళమే. నాకు పోటీ పాడే మంగీలాల్ గాడు యార్డంతా డప్పు కొడతడు."

"ఎరికే," అంది ఫరహా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ గొంతు వణకలేదు. తాను ఈ పిల్లకు భయపడుతున్నాడని మహబూబ్ అలీకి మొదటిసారి అర్థమైంది.

మర్నాడు కారు కొత్తగూడెం దాటేసరికి ఎండ ముదిరింది. రోడ్డుకు రెండు పక్కలా టేకు ఆకు రాల్చి నిలబడింది. జామాయిల్ కర్ర లోడు లారీలు ఒకదాని వెనక ఒకటి సారపాక కాగితం మిల్లు దారి పట్టి పోతున్నాయి. అడవి మొదలయ్యే చోట అటవీశాఖ గేటు దగ్గర కారు ఆపి డిక్కీ తెరిపించారు. కొంత దూరం పోయాక ఇంకో గేటు, మళ్లీ డిక్కీ.

"ముంగట ఆయన చూసిండు గదయ్యా," అన్నాడు మహబూబ్ అలీ.

"ఆయన చూస్తే నాకేంది సార్?" అన్నాడు గేటు మనిషి, స్టెప్నీ కింద చెయ్యి పెట్టి తడుముతూ.

ఫరహా పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. తండా దగ్గరపడే కొద్దీ ఏం మొహం పెట్టుకుని పోవాలా అన్నదే ఆలోచన. కారు తిప్పమందామా అని కూడా అనిపించింది. తిప్పితే కూతురి ముందు ఆ మొహం కూడా ఉండదు.

రూప్లా కల్లం తండా వెనక మిట్ట మీద ఉంది. పట్టాల మీద కాయ పలచగా పరిచి ఉంది, ఎరుపు కళ్లలో గుచ్చుకుంటోంది. సోమ్లి చెప్పుల్లేకుండా కాళ్లు ఈడుస్తూ కాయలో నడుస్తోంది. ఆమె నడిచిన చాళ్లలో కింది కాయ పైకి తిరుగుతోంది. ఒక మూల, నిన్నటి బస్తాలు పేలికల కట్లతోనే వరసగా ఉన్నాయి, దెబ్బలు తగిలి దవాఖానా నుంచి వచ్చినవాళ్లలా.

వచ్చినవాళ్లను చూసి ఆమె ఆగలేదు. చాలు చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, అప్పుడు నిలబడింది.

రూప్లా చెంబుతో నీళ్లు తెచ్చాడు. మహబూబ్ అలీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా చేతి నీళ్లు గూడ కోసి చూడాల్నేమో," అంది సోమ్లి.

"రోజా ఉంటరే వాళ్లు," అన్నాడు రూప్లా గొణుగుతూ.

"ఓ, గదా." ఆమె కాస్త తగ్గింది, కానీ మెత్తబడలేదు. "మరి గింత ఎండల ఎందుకొచ్చిన్రు సేటూ? నీడకు రాండ్రి. మిర్చి కాడ పడిపోతే మళ్ల మా మీదికే వస్తది."

ఫరహా సంగతంతా చెప్పింది, దాచకుండా. మీ కాయ ఇంత దూరం పోయింది, వంతెన మీద ఆగింది, ఆమెకు ఈ కల్లం చూడాలనుంది. సోమ్లి వింటూ కాలి వేళ్ల మధ్య ఇరుక్కున్న కాయను తీసి పట్టా మీద వేసింది. రూప్లా ఏదో తమ భాషలో అన్నాడు, ఆమె అంతకంటే పొట్టిగా ఏదో అంది.

మిట్ట పై అంచున ఒక్క చోట సిగ్నల్ దొరికింది. ఫోన్‌లో విలై మొహం కనబడింది. కళ్లద్దాలు, నెరుస్తున్న జుట్టు, వెనక గోడకు ఒక క్యాలెండర్. ఆమె చెయ్యి ఊపింది. సోమ్లి కూడా అలవాటు లేని చెయ్యి కొంచెం ఎత్తింది. ఫరహా ఫోన్‌ను కల్లం చుట్టూ తిప్పి చూపించింది.

"ఆమె అడుగుతున్నది, కాయ మంచిగుంటదా, బూజు రాదా అని," అంది ఫరహా.

సోమ్లి ఫోన్ వైపు చూడలేదు. నేరుగా మహబూబ్ అలీని చూసింది.

"నన్నెందుకు అడుగుడు? నిన్న యార్డ్ల ఇదే కాయ పట్టుకుని తాలు అన్నవ్ గదా సేటూ. ఇయ్యాల మంచి కాయ అని ఆమెకు నేను చెప్పాల్నా? నిన్నటిది నిజమా, ఇయ్యాలటిది నిజమా? ముందు నువ్వు చెప్పు, అటెనుక నేను చెప్త."

ఫోన్‌లో విలై ఏదో అడిగింది. సోమ్లి ఏమంటోంది అని అడుగుతోందని తెలుసుకోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఫరహా తండ్రి మొహమే చూస్తోంది. ఏదో ఒకటి కల్పించి చెప్పెయ్యొచ్చు, ఈ పిల్ల చెప్పదు. తాలు ఉందంటే కంటైనర్ పోతుంది. లేదంటే నిన్నటి మాట అబద్ధమైపోతుంది, అదీ యార్డులో అంతమంది ముందు ఆడిన మాట. రూప్లా తల వంచుకుని పట్టా అంచు సరిచేస్తున్నాడు, ఈ పెద్దమనిషి అవమానం చూడటం తనకే ఇబ్బందిగా ఉన్నట్టు. అది మహబూబ్ అలీకి అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

"తాలు లేదు," అన్నాడు. సోమ్లి వైపు తిరిగాడు. మళ్లీ అన్నాడు. "తాలు లేకుండె. నిన్నగూడ లేకుండె. కోపంల అన్న."

సోమ్లి ఇంకేమీ అడగలేదు. ఒక బస్తా పేలిక విప్పి లోపలికి చెయ్యి దూర్చి గుప్పెడు కాయ తీసింది. ఫోన్ దగ్గర పెట్టి ఆడించింది. ఎండిన గింజ గలగలమంది. ఒక కాయ విరిచి లోపలి పసుప్పచ్చ గింజ చూపించింది. పొద్దూకితే కప్పే పట్టా కూడా ఎత్తి చూపించింది. విలై తలూపుతూ ఉంది. చివర్లో ఆమె వేలు పెట్టి ఏదో చూపిస్తూ రెండు ప్రశ్నలు అడిగింది. ఫరహా రెంటికీ పొట్టిగా జవాబిచ్చి ఫోన్ కట్ చేసింది.

కారెక్కుతుంటే రూప్లా ఒక నీళ్ల సీసా కిటికీలోంచి లోపలికి అందించాడు. "దారిల టైమయితది గదా," అన్నాడు. ఇచ్చింది అతనే, పంపింది ఆమే అని తెలుస్తూనే ఉంది. ఆమె మళ్లీ కాయలో నడుస్తోంది.

జూలూరుపాడు దగ్గర రోడ్డు పక్క కారు ఆపుకుని ఆ నీళ్లతోనే రోజా విడిచారు. సీసా మూత పెట్టి ఆయన అడిగాడు. "చివరికి ఏమడిగింది ఆ విలై మేడమ్?"

"బస్తాలకు ఆ పేలికలేంది అని అడిగింది. చూడటానికి కోసినం అన్న. అన్నిటినా అంది."

"నువ్వేమన్నవ్?"

"మా దగ్గర పద్ధతి అన్న. అన్నంక నాకే సిగ్గయింది."

ఆ తర్వాతి రోజులు మహబూబ్ అలీకి నరకంలా గడిచాయి. వంతెన దగ్గర్నుంచి కబురు లేదు. ఆయన యార్డుకు పోతాడు, పాట పాడతాడు, కానీ చెయ్యి జేబులోని ఫోన్ మీదే. బొజ్జయ్య కోస్తూనే ఉన్నాడు. చీలిక పడ్డ ప్రతిసారీ వచ్చే ఆ చర్రుమనే చప్పుడు ఇన్నేళ్లు తన చెవికి ఎప్పుడూ వినబడలేదు, ఇప్పుడు వినబడి చస్తోంది. మంగీలాల్‌కు ఈ సంగతి పండగైంది. "ఏం మహబూబ్ భాయ్, కాయ ఇంకా వంతెన మీదనే ఆరబెట్టినవా?" అని పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి అడుగుతాడు. పక్కవాళ్లు ఇకిలిస్తారు. రోజా నోటితో బూతు తిట్టలేక ఆయన పళ్లు కొరుక్కున్నాడు.

ఒకనాటి మధ్యాహ్నం ఫరహా యార్డులోకే పరిగెత్తుకొచ్చింది. ఎప్పుడూ రాని పిల్ల, ఘాటుకు తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ, ఫోన్ ముందుకు చాపింది. "వదిలిన్రు అబ్బా! పోయింది! ఫ్యాక్టరీకి చేరింది!"

ఆయన అల్లాను తలచుకున్నాడు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని ఫోటో చూశాడు. తన బస్తాలే, తన దుకాణం గుర్తు. కోసినవి కొన్నే. కోసిన ప్రతి చీలికనూ నీలం దారంతో దగ్గర దగ్గరగా కుట్టారు. కుట్టు మీద చిన్న తెల్ల బిళ్ల అతికించారు.

"మచ్చు కాయ ఏమయిందంట?"

"పరీక్షకు గుప్పెడు తీసుకున్నరంట. మిగిలింది బస్తాల పోసి కుట్టిన్రంట."

"ఎవరు కుట్టిన్రు?"

"వాళ్లే. కోసినోళ్లే కుట్టాలంట. ఆ బిళ్ల ఉన్నదంటే ఇగ దేశం లోపల ఎవరూ కొయ్యరంట."

ఫోటోను ఇంకా పెద్దది చేసి, ఆ నీలం కుట్ల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడాయన. కాలు కింద ఏదో చిట్లితే వంగి చూశాడు. పొద్దుటి మచ్చు కాయ, తన చెప్పు కింద. తన మీద అంత అనుమానం పెట్టుకుని కోసినవాళ్లు కూడా కుట్టి పంపారు. ఆయనకు సంతోషం రావలసిన చోట ఏడుపు లాంటిది వచ్చింది. ఘాటు అని ముక్కు చీదాడు.

"బొజ్జయ్యా, దబ్బనం ఉందా నీ తాన?"

"దబ్బనమా? దేనికి సేటూ?"

"దేనికో ఒకదానికి. దారం గూడ తే."

రెండు సంతల తర్వాత రూప్లా ఆటో మళ్లీ వచ్చింది. రాక ఏం చేస్తారు, ఎండలు ముదిరితే కాయ రంగు తిరుగుతుంది. కానీ ఆటో మహబూబ్ అలీ ఉండే వైపు రాలేదు. చివరి షెడ్డులో బస్తాలు దించారు. పేలికల కట్లు అట్లాగే ఉన్నాయి, పక్కన కొత్త బస్తాలు ఇంకొన్ని. సోమ్లి వాటి ముందు నిలబడింది. మంగీలాల్ మనిషి అప్పటికే చాకు తీసుకుని అటు నడుస్తున్నాడు, వెనకే మంగీలాల్.

మహబూబ్ అలీ వాళ్ల కంటే ముందు చేరాలని పంచె ఎగగట్టుకుని గబగబా నడిచాడు. బొజ్జయ్య అర్థంకాక వెనక పరిగెత్తాడు.

"అమ్మా, ఒక్కటి చూపియ్యి," అన్నాడు ఆయాసపడుతూ. "నీ ఇష్టమొచ్చినదే."

సోమ్లి ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది. "నా ఇష్టం అంటే మంచిది చూపించిందంటవ్. నువ్వే ఏదంటే అది చూడు."

ఆయన కొత్త బస్తాల్లో నడిమి దాని మీద చెయ్యి వేశాడు. బొజ్జయ్య కోశాడు, చెయ్యి దూర్చాడు, నేల మీద కాయ పోశాడు. మహబూబ్ అలీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. తెల్ల లాల్చీ అంచు దుమ్ములో ఈడ్చుకుంటుంటే చుట్టూ జనం మూగారు. ఆయన కాయ తిప్పి చూశాడు, విరిచాడు, వాసన చూశాడు. తర్వాత రెండు చేతులతో నేల మీది కాయను దోసిలిపట్టి బస్తాలో పొయ్యడం మొదలుపెట్టాడు. అటు దొర్లిన కాయ, ఇటు దొర్లిన కాయ, బొజ్జయ్య కాలి కింది కాయ కూడా. లాల్చీ జేబులోంచి దబ్బనం తీశాడు.

"మహబూబ్ భాయ్, దర్జీ పని ఎప్పటి సంది?" అన్నాడు మంగీలాల్. అందరూ గొల్లున నవ్వారు. ఎవరో ఈల వేశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కుట్టు వంకరగా వస్తోంది, దబ్బనం వేలికి గుచ్చుకుంది, మిర్చి చేతికి తగిలి అది భగభగ మండింది. అయినా ఆపలేదు. కుట్టడం అయ్యాక మోకాలు పట్టుకుని లేచి, తాను అనుకున్న ధర గట్టిగా చెప్పాడు. ఆ పొద్దు పాటలో పలికిన పై ధరకు అది దగ్గరగా ఉంది. నవ్వులు ఆగాయి.

మంగీలాల్ కళ్లు చిట్లించాడు. ఇంత ధర ఊరికే పలకడు ఈ ముసలాడు, సరుకులో ఏదో ఉంది. "నేను గూడ చూడాలె. కొయ్యరా," అన్నాడు తన మనిషితో.

"చూసిన గదా నేను. ఇగ కొయ్యద్దు. నీకు కావాలంటే ఇంకింత పెంచి పాడు," అన్నాడు మహబూబ్ అలీ.

"నువ్వు చూస్తే నాకేంది? నువ్వు చెప్తే నమ్మేదెట్ల?"

అదే మాట. తన నోటి నుంచి వచ్చిన మాటే, ఇదే సోమ్లి ముందు. మహబూబ్ అలీ చేతిలోని దబ్బనం వైపు చూసుకున్నాడు.  నమ్మమని అడగడానికి తన దగ్గర ఏముంది? ఈ యార్డులో తాను ఎవర్ని నమ్మాడని? మంగీలాల్ మనిషి చాకు పెట్టడానికి వంగాడు.

"ఆగు," అంది సోమ్లి.

ఆమె బస్తాకూ చాకుకూ మధ్యకు వచ్చి, ఆయన కుట్టిన వంకర కుట్టు మీద అరచెయ్యి పెట్టింది. "ఈ సేటు నా కళ్ల ముంగట చూసిండు. ఒక్కటే కోసిండు, కాయ తిరిగి పోసిండు, కుట్టిండు. ఆయన చెప్పింది నిజమే. నేను చెప్తున్న. మా కాయకు నేను పూచీ, ఆయన మాటకు గూడ నేనే పూచీ. నమ్మితే పాడు, లేకుంటే పక్క రాసికి పో."

తండా మనిషి ఖరీదుదారుకు పూచీ పడటం ఆ యార్డులో ఎవరూ వినలేదు. మంగీలాల్ నవ్వబోయాడు, చుట్టూ చూశాడు, ఈసారి ఎవరూ నవ్వలేదు. "మంచి జోడీ దొరికింది," అని గొణిగి, మనిషిని వెంటేసుకుని పక్క రాసి వైపు నడిచాడు. కాసేపటికి అక్కడ్నుంచి బస్తా చీలిన చప్పుడు వినబడింది.

మహబూబ్ అలీ మండుతున్న వేలు నోట్లో పెట్టుకోబోయి, రోజా గుర్తొచ్చి ఆపుకున్నాడు. అంతమందిలో ఏడవకూడదని గట్టిగా రెప్పలు ఆడించాడు. బొజ్జయ్య చాకు మడిచి నడుముకు దోపుకుని, తూకానికి కాంటా వాళ్లను పిలవడానికి పోయాడు. సోమ్లి కూర్చుని కుట్టును వేలితో లాగి చూసింది. దారం చివర వదులుగా వేలాడుతోంది.

"ముడెయ్యలే సేటూ. గిట్లిడిస్తే కాంటా కాడికి పోయేసరికే ఊడిపోతది," అని చెంగుతో చెయ్యి తుడుచుకుని, ఆ దారానికి తానే రెండు ముళ్లు వేసింది.